పసుపు అంటిన డాలర్లు

"సొమ్ము దొరికింది. ఇంక దొంగ ఒక్కడే దొరకాల. నువ్వు నెల్లూరు బస్సెక్కెయ్యొచ్చు కృష్ణన్నా" అన్నాడు జయకుమార్, కుర్చీలోంచి లేవకుండానే.

నాకు ఒళ్లు మండింది. వీడు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నోడు. నేర్చుకున్నదాంట్లో సగం మర్చిపోయి, మిగిలిన సగంతో చెన్నైలో ఏసీ ఆఫీసు పెట్టినాడు. ఇప్పుడు ఈ కేసులో రొయ్యల కంపెనీ వాళ్లు వీణ్ణి పెట్టుకున్నారు. పెంచలకృష్ణ అనే ఈ ముసలి డిటెక్టివ్‌ని పెట్టుకున్నది మాత్రం అబిగయీలు. ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

సూళ్లూరుపేటలోని ఆ ఇల్లు ఆమె మొగుడు ఆండ్రూకి కంపెనీ ఇచ్చింది. వాకాడు దగ్గర పద్మనాభయ్య గారి రొయ్యల కంపెనీలో ఆండ్రూ ఫైనాన్స్ మేనేజరు. ఇక్కణ్ణించి అమెరికాకి రొయ్యలు పోతాయి, అక్కణ్ణించి డాలర్లు వస్తాయి. ఆ రాబడంతా ఆండ్రూ చేతుల మీదుగా జరగాల్సిందే. అబిగయీలు ఆరేళ్ల కిందట ఇటలీ పోయి, మిలానోలో ముసలోళ్లకి సేవలు చేసే పనిలో చేరింది. అక్కడ కాగితాలు పక్కా అయ్యేదాకా తిరిగొచ్చే వీల్లేకపోయింది. చివరికి, పోయిన గురువారం కాక అంతకుముందు గురువారం పొద్దున చెన్నైలో విమానం దిగింది. మొగుడు రాలేదు. ఫోన్ స్విచాఫ్. సాయంత్రం దాకా గేటు బయట పెట్టె మీద కూర్చుని, వచ్చే ప్రతి కారునీ చూసింది.

కంపెనీ వాళ్లు చెప్పే కథ వేరే. బుధవారం రాత్రే ఆండ్రూ పద్మనాభయ్య గారి పూజగదిలో డాలర్ల పెట్టె ఖాళీ చేసి, స్టేషన్ దగ్గర బైకు వదిలేసి, రైలెక్కి ఉడాయించినాడంట.

ఈ అమ్మాయి నా ఆఫీసుకొచ్చిన రోజు ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "అన్నా, ఆయన దొంగైనా పర్లేదు. జైల్లో ఉంటే జైలుకే పోయి చూసుకుంటా. నేనొస్తున్నానని తెలిసి పారిపోయినాడా, కాదా? అది చెప్పు చాలు."

ఆ మాటకే కేసు ఒప్పుకున్నాను. మా ఆవిడ మనవణ్ణి ఎత్తుకోవడానికి బెంగుళూరు పోయి ఐదు నెలలైంది. రోజూ సాయంత్రం కాఫీ కలుపుకుని ఒక్కణ్ణే తాగుతుంటే, మనిషి కోసం ఎదురుచూడ్డం ఎట్టుంటుందో నాకూ కాస్త తెలిసొచ్చింది.

"యాడ దొరికింది?" అని అడిగినాను జయకుమార్‌ని.

"బీరువాలో, చొక్కాల కింద. పొద్దున నేనూ ప్రవీణ్ సారూ వచ్చి వెతికినాం. ఈ అమ్మాయి ఎదురుగానే తీసినాం."

ప్రవీణ్ అంటే పద్మనాభయ్య గారి అల్లుడు. ఇప్పుడు కంపెనీ వ్యవహారాలన్నీ చూసేది అతనే.

"నేనొచ్చిన రోజే ఆ బీరువా మొత్తం సర్దినానన్నా" అంది అబిగయీలు. "ఆయన చొక్కాలన్నీ తీసి, మళ్లీ మడతపెట్టి పెట్టినా. అప్పుడు ఏమీ లేదు."

"పెళ్లాం సాక్ష్యం చెల్లదమ్మా" అన్నాడు జయకుమార్.

"ఉతికిన చొక్కాలే గదా తల్లీ, మళ్లీ ఎందుకు మడతపెట్టినావు?" అని అడిగినాను.

ఆమె తల దించుకుంది. "ఆరేళ్లు ఫోన్లో మనిషిని చూసినా. ఫోన్లో వాసన రాదు గదన్నా."

జయకుమార్ కిటికీ వైపు తిరిగినాడు. వాడిలో ఇంకా మనిషి మిగిలున్నట్టే ఉంది.

"ఈ ఇంటికి ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"కంపెనీలో ఒకటుంది. నిన్న సాయంత్రం నేను చర్చికి పోయినా. వచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది."

నేను చెయ్యి చాపితే జయకుమార్ ప్లాస్టిక్ కవరు అందించినాడు. లోపల చిన్న కట్ట, డాలర్ నోట్లు. ప్రతి నోటుకీ నాలుగు మూలలా పసుపు.

"చూసినావా?" అని రెచ్చిపోయినాడు. "ప్రతి ఏడూ మొదటి కంటైనర్ డబ్బు రాగానే పెద్దాయన కొన్ని డాలర్ నోట్లు తెప్పించి, మూలలకి పసుపు పెట్టి, అమ్మవారి పెట్టెలో దాస్తాడు. కంపెనీలో వాచ్‌మన్‌కి కూడా తెలిసిన సంగతే ఇది. పసుపు ఉంది, పెట్టె ఖాళీగా ఉంది, మనిషి లేడు. ఇంకేం కావాల నీకు?"

"నాకు కొంచెం బుద్ధి కావాల, అప్పిస్తావా? నువ్వు ఎప్పుడన్నా మరకబడ్డ డాలరు మార్చినావా? చెన్నైలో డాలర్లు మార్చే కొట్లోవాడు నోటు మడతబడితేనే మొహం చిట్లిస్తాడు. పసుపంటిన నోటు చూపిస్తే పక్క కొట్టుకి పొమ్మంటాడు. అన్నేళ్లు డాలర్లతో మెలిగినోడు, మారని డాలర్లు దొంగిలించి, వాటినీ బీరువాలోనే వదిలేసి పారిపోయినాడా? ఏం దొంగరా నాయనా! ఇట్టాంటి దొంగకి సన్మానం చెయ్యాల."

"తొందర్లో మర్చిపోయుంటాడు."

"సరే. పెద్దాయన్నే అడుగుదాం పద. నోట్లు నువ్వే పట్టుకో, మళ్లీ నేను మార్చేసినానంటావు."

"నేనూ వస్తా" అంది అబిగయీలు. వద్దని చెప్పినా వినేటట్టు లేదు. అప్పటికే చెప్పులు వేసుకుంది.

*

పద్మనాభయ్య గారి ఇల్లు ఫ్యాక్టరీ కాంపౌండులోనే ఉంది. పెద్దాయనకి డెబ్బై దాటినాయి. తెల్ల పంచె, తెల్ల బనీను, వరండాలో వాలుకుర్చీ. పక్కన ప్రవీణ్ నిలబడున్నాడు. నున్నగా దువ్విన తల, చేతిలో రెండు ఫోన్లు. అబిగయీలుని చూడగానే పెద్దాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. కోపమో, చూడలేకపోయినాడో, నాకు అర్థం కాలేదు.

నేను నోట్ల సంగతి వెంటనే ఎత్తలేదు. ముందు ఆయన్ని మాట్లాడనివ్వాలనుకున్నాను.

"డాలరంటే తమరికి అంత నమ్మకం ఎందుకండీ?"

"నమ్మకం కాక ఏందయ్యా! మా నాయన వడ్లు దాచినాడు, పురుగు పట్టింది. మా అమ్మ బంగారం దాచింది, తాకట్టుకి పోయింది. నేను డాలరు దాచుకున్నా. దేశాలకి దేశాలే కష్టకాలానికని డాలర్లు దాచిపెట్టుకుంటుంటే నాకేం రోగం?"

"ఆండ్రూ ఏమనేవాడు?"

పెద్దాయన మొహంలో నవ్వు రాబోయి ఆగిపోయింది. "వాడు యూరో పిచ్చోడు. చెవిలో జోరీగ మాదిరి ఒకటే పోరు. 'అయ్యా, ఆ దేశాలు దాచుకునేదంతా డాలర్లే కాదు. సగానికి కాస్త పైన డాలర్లు, ఐదో వంతు దాకా యూరోలు, కొంచెం కొంచెం మిగతావి. బంగారం వేరే. మనమూ కాస్త యూరోల్లో పెట్టుకుందాం' అనేవాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినోడు మునుగుతాడ్రా అన్నా. 'ఊరంతా ఒకే పడవెక్కినా మునుగుతాం గదయ్యా' అన్నాడు. మాటకి మాట అప్పజెప్తాడు దొంగనాకొడుకు."

ఆ తిట్టులో కోపం కంటే బెంగే ఎక్కువుంది. కన్నకొడుకుని తిట్టినట్టు తిట్టినాడు.

"ఆఖరికి వాడి మాటే నిజమైంది" అన్నాడు మళ్లీ. "అమెరికావాడు సుంకం పెంచినాడు. సరుకు ఆగిపోయింది. రెండో యూనిట్ మూసి తాళం వేసినాం. అప్పుడు మా అల్లుడు ఇటలీలో, జెనోవా అనే ఊళ్లో, కొనేవాణ్ణి పట్టుకొచ్చినాడు. యూరోల్లో బేరం. ఆండ్రూ నోట యూరో, అల్లుడి నోట యూరో. సరే కానీండ్రా అన్నా. నాలుగు కంటైనర్లు పోయినాయి. ఒక్క యూరో రాలేదు. ఆ బిల్లుల మీద ఆండ్రూ సంతకం ఉంటేనే డబ్బు ముందుగా ఇస్తామని బ్యాంకువాళ్లు కూర్చున్నారు. సోమవారం దాటితే ఆ పని కూడా కాదంట."

"మామయ్యా, మన సంగతులు బయటోళ్ల ముందు ఎందుకు?" అన్నాడు ప్రవీణ్.

"నా పూజగదిలో దొంగ పడినాడని ఊరంతా చెప్పినోడివి నువ్వే గదా అల్లుడూ. ఇంక బయటేంది, లోపలేంది?"

అప్పుడు జయకుమార్‌కి సైగ చేసినాను. వాడు కవరులోంచి ఒక నోటు తీసి, గెలిచినోడి మాదిరి పెద్దాయన చేతిలో పెట్టినాడు.

పద్మనాభయ్య గారు కళ్లద్దాలు పెట్టుకుని చూసినారు. బొటనవేలితో మూల రుద్దినారు. పసుపు వేలికంటింది. ఆయన నుదురు ముడిపడింది.

"ఇది నేను పెట్టిన పసుపు కాదే."

"అదేంది మామయ్యా!" అన్నాడు ప్రవీణ్. "ఎప్పుడూ నాలుగు మూలలా పెట్టేది మీరే గదా!"

"ఒకప్పుడు పెట్టేవాణ్ణి. రెండేళ్ల కిందట ఆండ్రూ చూసి నెత్తి కొట్టుకున్నాడు. 'పసుపు పెడితే ఈ నోటు అమ్మవారి దగ్గరే చెల్లుతుందయ్యా, ఇంకెక్కడా చెల్లదు' అన్నాడు. పాతవన్నీ తీసుకుపోయి, ఎన్ని తిప్పలు పడినాడో ఏమో, మంచి నోట్లు తెచ్చిచ్చినాడు. అప్పట్నించీ నోట్లు కవర్లో పెట్టి, కవరుకి పసుపు పెడతన్నా. వాడు గడప బయట నిలబడి కవరు అందించేవాడు, నేను లోపల పెట్టేవాణ్ణి. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు."

"అంటే పెట్టెలోంచి పోయిన నోట్లకి పసుపు లేదు."

"చుక్క కూడా లేదు. కొత్త బట్ట మాదిరి ఉండేవి."

నేను జయకుమార్ వైపు తిరిగినాను. "విన్నావా? పెట్టె తెరిచినోడికి శుభ్రమైన నోట్లు దొరికినాయి. అయ్యో, కవరుకే గానీ నోట్లకి పసుపు లేదే, పసుపు లేకపోతే ఇవి పెద్దాయనవని ఎవరు నమ్ముతారు అనుకున్నాడు. తనే పెట్టి, ఆండ్రూ బీరువాలో దూర్చినాడు. వాడికి ఈ ఇంటి పాత అలవాటు తెలుసు, కొత్త అలవాటు తెలియదు. ఈ ఇంట్లో మసిలి, మధ్యలో కొన్నేళ్లు దూరంగా ఉన్నోడు ఎవడు?"

"అల్లుడు మొన్నమొన్నటి దాకా మూడేళ్లు చెన్నై ఆఫీసులో ఉన్నాడు" అన్నారు పద్మనాభయ్య గారు. తనలో తను అనుకున్నట్టు అన్నారు. అన్నాక ఆయనకే ఆ మాట బరువు తెలిసినట్టుంది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు.

ప్రవీణ్ నవ్వినాడు. "మామయ్యకి వయసైంది సార్. ఒక్కోసారి మతిమరుపు."

"నా డాలర్ల సంగతి నాకు మతిమరుపా!" పెద్దాయన గొంతుకి వరండా అదిరింది.

"ఫోనొస్తోంది, ఒక్క నిమిషం" అంటూ ప్రవీణ్ మెట్లు దిగిపోయినాడు. ఆ ఫోను మోగిన చప్పుడు నాకైతే వినపడలేదు.

అబిగయీలు ముందుకొచ్చింది. "అయ్యా, ఆయన మీతో నా గురించి ఎప్పుడన్నా చెప్పినాడా?"

పెద్దాయన ఈసారి మొహం తిప్పుకోలేదు. "చెప్పకపోవడమేందమ్మా! రోజూ నీ మాటే. బుధవారం మధ్యాహ్నం వచ్చి, 'అయ్యా, ఆరేళ్ల తర్వాత నా భార్య వస్తోంది, బైకు మీద తెస్తే ఏం బాగుంటుంది, కారివ్వండి' అన్నాడు. నా చేత్తో తాళాలిచ్చినా. బైకు ఈడే వదిలి కారులో ఇంటికి పోతానన్నాడు. మర్నాడు డబ్బు పట్టుకుని పారిపోయినాడంటే నేను నమ్మలేదు. ఆ బైకు స్టేషన్ దగ్గర దొరికినాక నమ్మినా."

"బైకు ఈడ వదిలితే, స్టేషన్‌కి ఎట్ట పోయింది?" అన్నాను.

జయకుమార్ గొంతు సవరించుకున్నాడు. "ఆ కారు షెడ్డులోనే ఉంది. నెల నుంచి కదల్లేదని ప్రవీణ్ సార్ చెప్పినాడు."

"నువ్వు చూసినావా?"

"చెప్పినాడు గదా."

"చెప్పింది వినడానికి ఫీజెందుకురా? చూసినందుకు గదా ఫీజు!"

వాడి మొహం ఎర్రబడింది. "ఊరికే అరవబాకు. పద చూద్దాం. కారులో ఏమీ లేకపోతే మాత్రం, నాకు క్షమాపణ చెప్పి బస్సెక్కాల."

"సైకిలెక్కుతా. పద."

*

షెడ్డు కాంపౌండు చివర ఉంది. మూతపడ్డ రెండో యూనిట్ గోడకి ఆనుకునే కట్టినారు. పక్కనే రొయ్యల తలకాయలూ పొట్టూ పోసే గుంత. ముక్కు మూసుకోకుండా ఎవరూ అటు పోరు. రేకు షట్టర్ ఎత్తి లోపలికి పోయినాం. తెల్ల కారు, అద్దాల మీద దుమ్ము. పెద్దాయన ఇచ్చిన రెండో తాళంతో నేను వెనక తలుపు తెరిచినాను.

జయకుమార్ వెనక్కి దూకినాడు. "ఛీ! రొయ్యల కంపు కారులో కూడానా!"

"నీకు చెన్నై ముక్కు వచ్చేసిందిరా. ఇది రొయ్య కంపు కాదు."

నిజంగానే కాదు. కుళ్లిన రొయ్య వాసన వేరే. ఇందులో చింతపండు పులుపు ఉంది. మెంతులున్నాయి. నెల్లూరోడి ముక్కుకి ఆ వాసన పాడైపోయినా తెలుస్తుంది. ఆ షెడ్డులో ఇంకెవరన్నా ఆ కంపు పసిగట్టి ఉంటే ఎప్పుడో వెతికేవాళ్లు. కారుని రొయ్య పొట్టు పక్కన పెట్టబట్టే ఎవరికీ అనుమానం రాలేదు.

వంగి సీటు కింద తడిమినాను. ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య ఒక స్టీలు క్యారియర్, ఒలకకుండా చుట్టూ న్యూస్‌పేపర్లు కూరి, నీలం గళ్ల తువ్వాలుతో గట్టిగా కట్టుంది. పేపరు లాగి జయకుమార్ చేతిలో పెట్టినాను.

"తారీకు చదువు."

వాడు చదివినాడు. గురువారం పేపరు. అబిగయీలు విమానం దిగిన రోజుది.

"బుధవారం రాత్రి రైలెక్కి పారిపోయినోడు గురువారం పేపరు ఎట్ట కొన్నాడు? కొని, నెల నుంచి కదలని కారులో ఎట్ట పెట్టినాడు?"

జయకుమార్ పేపరు మళ్లీ మళ్లీ చూసినాడు.

అబిగయీలు క్యారియర్ అందుకుంది. వద్దమ్మా అనేలోపే మూత తీసింది. మేమిద్దరం ముక్కులు మూసుకున్నాం. ఆమె మూసుకోలేదు. ఒంగి చూసింది. నల్లబడిన పులుసులో మామిడికాయ ముక్క ఒకటి తేలుతోంది.

"బొమ్మిడాయి చేపల పులుసు" అంది. "రాత్రి కాచిన పులుసు పొద్దున తింటేనే రుచి అనేవాడు. రాత్రి కూర్చుని కాచినాడు. తెల్లారి పేపరు రాగానే చుట్టి పెట్టుకుని బయల్దేరినాడు." మూత మళ్లీ గట్టిగా నొక్కి పెట్టింది. "వస్తానే ఉన్నాడన్నా. నా కోసం వస్తానే ఉన్నాడు. నేనేమో ఆ గేటు దగ్గర కూర్చుని ఏమేమో అనుకున్నా. నన్ను వద్దనుకున్నాడని, ఇంకెవరో ఉన్నారని, ఛీ, ఎంత పాపిష్టిదాన్ని..."

ఇన్నాళ్లుగా ఆపుకున్న ఏడుపంతా అప్పుడొచ్చింది. కారు తలుపు పట్టుకుని కూలబడి ఏడ్చింది. ఓదార్చడం నాకు చేతకాదు. మా ఆవిడ ఉంటే దగ్గరికి తీసుకునుండేది. నేను ఊరికే పక్కన నిలబడినాను.

"నేను పొరబడినా కృష్ణన్నా" అన్నాడు జయకుమార్ మెల్లగా.

"క్షమాపణ తర్వాత చెబుదువు. ముందు ఆలోచించు. ఆయన్ని దోవలో ఆపినారు. కారు తెచ్చి ఈడ పెట్టినారు, బైకు తీసుకుపోయి స్టేషన్లో పెట్టినారు. ఆ రోజే ఎందుకు ఆపాల?" అబిగయీలు పక్కన కూర్చున్నాను. "తల్లీ, ఇటలీలో ఆయన నీకేమన్నా పని చెప్పినాడా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "జెనోవాలో ఒక అడ్రసు పంపి, ఒకసారి పోయి చూసి రమ్మన్నాడు. సెలవు పెట్టి రైల్లో పోయినా. అది చెప్పులు బాగుచేసే కొట్టన్నా. ఒక ముసలాయన కూర్చోనున్నాడు. రొయ్యలు కొంటారా అంటే పగలబడి నవ్వినాడు. ఆ వీధిలో అట్టాంటి కంపెనీ ఎప్పుడూ లేదంట."

"ఆండ్రూకి ఎప్పుడు చెప్పినావు?"

"బుధవారం, విమానం ఎక్కబోతా ఫోన్ చేసినా. మనకి అప్పుడు సాయంత్రం. ఎత్తగానే, 'అక్కడ కంపెనీ లేదు, గింపెనీ లేదు, చెప్పుల కొట్టుంది' అని చెప్పేసినా. ఆయనేమో 'పక్కన ప్రవీణ్ సార్ ఉన్నాడు, ఇంటికొచ్చినాక మాట్లాడదాం' అని పెట్టేసినాడు." ఆగింది. "నేను గట్టిగా మాట్లాడతానన్నా. దూరదేశం గదా, వినపడదేమోనని ఆరేళ్లూ అరిచే మాట్లాడినా. మెల్లగా మాట్లాడినా వినపడుద్ది, గొంతెందుకు చించుకుంటావని ఆయన నవ్వేవాడు."

అంతే. ముడి విడిపోయింది. ఆ అరుపు పక్కనున్న ప్రవీణ్ చెవిన కూడా పడింది. కొనేవాడే లేడు. సరుకు ఇంకెవరికో అమ్మి, ఆ యూరోలు అక్కడే ఎక్కడో ప్రవీణ్ దాచుకున్నాడు. అమెరికా దెబ్బకి భయపడిన మామగారి దగ్గర, ఆండ్రూ చెప్పే యూరో మాటే వాడికి పెట్టుబడి అయింది. కొనేవాడు ఉన్నాడని బ్యాంకుని నమ్మించి డబ్బు లాగాలంటే, పారిపోకముందే పెట్టినట్టు ఆండ్రూ సంతకం కావాలి. ఆండ్రూ పెట్టడు.

"అమ్మా, ఒక మంచి మాట విను. సంతకం ఇంకా పడలేదు. పడేదాకా ఆండ్రూని వాళ్లు ఏమీ చెయ్యరు. నీ మొగుడు బతికే ఉన్నాడు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. చూసి, ఫోన్ జారవిడవబోయి పట్టుకుంది. తెర మీద ఆండ్రూ ఫొటో. అతని నంబరే.

స్పీకర్ పెట్టమని సైగ చేసినాను.

"అబీ..."

"ఆండ్రూ! యాడున్నావయ్యా? తిన్నావా? ఒంట్లో బాగుందా?"

"బాగున్నా. నన్ను వెతకబాకు. ప్రవీణ్ సార్ టికెట్ తీయిస్తాడు. రేపే మిలానో వెళ్లిపో. జెనోవా సంగతి ఎవరితో అనబాకు." ఎవరో పక్కన నిలబడి చెప్పిస్తుంటే అప్పజెప్తున్నట్టుంది గొంతు.

"ఆరేళ్లు యూరోలు పంపితే, యూరోలెందుకే, నువ్వు రా అని ప్రాణం తీసినావు. ఇప్పుడు వస్తే పొమ్మంటావా?"

ఈసారి మాట్లాడింది వేరే ఆండ్రూ. ఎవరూ చెప్పించని మాట అది. "పో అబీ. నీకు దణ్ణం పెడతా. నువ్వన్నా బాగుండాల. నువ్వు ఈడ ఉంటే నేను సంతకం..."

అంతలో ఫ్యాక్టరీలో మధ్యాహ్నం సైరన్ మోగింది. చెవులు చిల్లులు పడేటట్టు మోగింది. బయట మోగింది, అదే క్షణాన ఫోన్లోనూ మోగింది. ఎవరో ఫోన్ లాక్కున్న చప్పుడు. కట్ అయింది.

జయకుమార్ నా వైపు చూసినాడు. "ఈ కాంపౌండులోనే ఉన్నాడు" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే షట్టర్ దడదడమని దిగింది. వెలుగు పోయింది. బయట తాళం పడిన చప్పుడు. జయకుమార్ పరిగెత్తి రేకు మీద గుద్దినాడు.

"గమ్మునుండండి సార్" అంది ప్రవీణ్ గొంతు బయటినించి. మర్యాదకేం తక్కువ లేదు. "ఆమె ఈడే ఉందని చెప్పినాక ఆండ్రూ సంతకం పెడతానన్నాడు. సోమవారంతో పని అయిపోద్ది. ఆ తర్వాత మిమ్మల్ని ఏం చెయ్యాలో చూస్తా."

చెప్పుల చప్పుడు దూరమైంది. జయకుమార్ ఫోన్ తీసి పోలీసులకి కొట్టబోతున్నాడు. షట్టర్ దిగినాక పోయిన సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి ఆ చీకట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను తాళం విరగ్గొట్టడానికి కారులో జాకీ కోసం వెతుకుతున్నాను.

అబిగయీలు మాత్రం షట్టర్ వైపు రాలేదు. రెండో యూనిట్‌కి ఆనుకున్న గోడ దగ్గరికి పోయింది. రెండు చేతులతో ఆ గోడని బాదింది.

"ఆండ్రూ! సంతకం పెట్టబాకు! నేను పోను! వినపడుతోందా? నేనొచ్చినా ఆండ్రూ! ఈడే ఉన్నా!"

గొంతు పగిలేటట్టు అరిచింది. అరిచి, గోడకి చెవి ఆనించింది. జయకుమార్ ఆగిపోయినాడు. నేనూ జాకీ చేతిలో పట్టుకుని అట్టే నిలబడిపోయినాను.

తర్వాత గోడ అవతల ఎవరో ఇనప తలుపు కొట్టినారు. ఆగి, మళ్లీ కొట్టినారు. ఆ తర్వాత ఆపకుండా కొడుతూనే ఉన్నారు.

"ఆయనే అన్నా" అంది అబిగయీలు. చెవి గోడకి ఆనించే ఉంది. "గొంతు చించుకోబాకని ఈసారి అనలేదు."